కార్లైల్ "ఇండియన్ స్కూల్" చూసొచ్చాం, నాన్నగారి ప్రశ్నలకి ఎవరైనా జవాబు చెప్పండి

మెకానిక్స్‌బర్గ్ శీను | శనివారం రాత్రి

అందరికీ నమస్కారం. మేం పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్ దగ్గర ఉంటాం. స్టేట్ గవర్నమెంటు ప్రాజెక్టుల మీద వచ్చిన మనవాళ్లు ఇటువైపు బోలెడుమంది. కార్లైల్ ఇక్కడికి పావుగంట. హైవే మీద వెళ్తుంటే రెండు పక్కలా గోడౌన్లు, లైన్లు కట్టిన ట్రక్కులు కనిపిస్తాయే, ఆ ఊరే. ఎనిమిదేళ్లుగా ఇక్కడ ఉంటున్నా, ఆ ఊరి గురించి నాకు అంతకు మించి తెలీదు.

మొన్న నెలలో అమ్మా నాన్నా వచ్చారు. నాన్న గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. కారులో వెళ్తుంటే రోడ్డు పక్కన నీలం బోర్డు మీద పసుప్పచ్చ అక్షరాలు చదివి, "ఒరే శీనూ, ఇక్కడ ఇండియన్ స్కూల్ ఉందిట కదరా, పాపని అందులో వెయ్యకపోయావా" అన్నారు. మా ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. అది అమెరికా ఆదివాసీ తెగల పిల్లల్ని ఇళ్లకి దూరంగా తెచ్చి పెట్టిన పాత సర్కారు బడి. నేను ఫోన్‌లో వెతికి ఆ సంగతి చదివి వినిపించాక కారులో ఎవరూ మాట్లాడలేదు.

ఆయన పట్టుబడితే ఇవాళ వెళ్లాం. అది ఇప్పుడు ఆర్మీ వాళ్ల జాగా. గేటు దగ్గర పాసులూ తనిఖీలూ అయ్యాక పిల్లల సమాధుల దాకా వెళ్లగలిగాం. చిన్న జాగా, తెల్లరాళ్లు, సైనికుల సమాధులకి పెట్టే రాళ్లలాంటివి. వాటి మీద బొమ్మలు, చాక్లెట్లు, చిల్లర నాణేలు, గుడ్డపేలికలు ఎవరెవరో పెట్టి వెళ్లారు. నాన్న ఒక్కో రాయి దగ్గరా ఆగి చదివారు. కొన్నిటి మీద పేరుండదు, "అన్‌నోన్" అని మాత్రం ఉంటుంది.

బయటికొచ్చాక ఆయన అడిగినవి ఇవీ. బడి ఆర్మీ బారకాసుల్లో ఎందుకు పెట్టారు? బడి అన్నాక అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది కదా, రిజిస్టరు ఉన్న బడిలో పిల్లాడు "అన్‌నోన్" ఎలా అవుతాడు? నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

గోంగూర పచ్చడి | శనివారం రాత్రి

శీనూ, నీకు గోడౌన్లన్నా తెలుసు. కార్లైల్ అంటే నాకు పాత కార్ల సంత ఒక్కటే. ఏటా వెళ్తా, ఫొటోలు దిగుతా, వస్తా. రెడ్ ఇండియన్ల స్కూలు అక్కడే ఉందని ఇప్పుడే వింటున్నా. పోస్టు ఫాలో అవుతున్నా.

పాత పుస్తకం | ఆదివారం ఉదయం

రెడ్ ఇండియన్లు అనకండి, వాళ్లకి నచ్చదు. నేటివ్ అమెరికన్లు అనండి, తెగ పేరు తెలిస్తే ఆ పేరే వాడండి, ఇంకా మంచిది. కొలంబస్ దారితప్పి మన దేశానికే వచ్చాననుకోబట్టి వాళ్లకి ఈ పేరొచ్చింది. మీ నాన్నగారు బోర్డు చూసి పొరబడ్డారంటే అదే పొరపాటుకి ఐదొందల ఏళ్ల తర్వాత ఇంకో కొస అన్నమాట.

మాస్టారి మొదటి ప్రశ్నకి జవాబు. కార్లైల్ బారక్స్ 1757 నుంచీ సైన్యం జాగా. 1870ల్లో గుర్రపు దళం శిక్షణ వేరే చోటికి మారాక ఖాళీగా పడి ఉంది. రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే ఆర్మీ ఆఫీసరు అడిగి తీసుకున్నాడు. ఆయనకి అంతకుముందున్న అనుభవం జైలరు అనుభవం. 1875లో మైదాన ప్రాంతాల తెగల నుంచి పట్టుకున్న 72 మంది ఖైదీల్ని ఫ్లోరిడాలో ఒక పాత కోటలో ఉంచితే వాళ్లకి కాపలా ఈయనే. జుట్టు కత్తిరించి, యూనిఫాం తొడిగి, డ్రిల్లు చేయించి, ఇంగ్లిష్ నేర్పించాడు. ఖైదీల మీద పనిచేసిన పద్ధతి పిల్లల మీదా పనిచేస్తుందనుకున్నాడు. బారకాసులు అందుకే సరిపోయాయి.

1879 అక్టోబరు 6 అర్ధరాత్రి మొదటి బ్యాచ్ రైలు దిగింది. డకోటా ప్రాంతంలోని రోజ్‌బడ్, పైన్‌రిడ్జ్ నుంచి వచ్చిన లకోటా పిల్లలు, ఎనభై పైచిలుకు. చిన్నవాళ్లు, పెద్దవాళ్లు కలిసి. నవంబరు 1న బడి లాంఛనంగా తెరిచారు. 1918లో మూసేశారు. ఆ 39 ఏళ్లలో 140కి పైగా తెగల నుంచి సుమారు 7,800 మంది పిల్లలు వచ్చారు. పట్టా పుచ్చుకున్నవాళ్లు వెయ్యిమంది కూడా లేరు.

పిల్లల్ని ముందు ఆ తెగలవాళ్లనే ఎందుకు తెచ్చారో కూడా చెప్పాలి. అప్పుడప్పుడే యుద్ధాలు సద్దుమణుగుతున్నాయి. పెద్దల పిల్లలు దూరంగా తమ చేతుల్లో ఉంటే పెద్దలు కదలరని సర్కారు ఆలోచన. దీన్ని మన భాషలో ఏమంటారో మీకు తెలుసు.

నిజం నిప్పు | ఆదివారం ఉదయం

కొంచెం అటువైపు కూడా చూడండి సార్. ప్రాట్ కాలంలో మిగతా తెల్లవాళ్లలో చాలామంది వీళ్లని చంపెయ్యాలనేవాళ్లు. ఈయన "వాళ్లూ మనుషులే, చదువిస్తే మనంతవాళ్లవుతారు" అన్నాడు. ఆ రోజుల్లో అది చిన్న మాటేం కాదు. పైగా హాస్టల్లో ఉండి చదువుకోవడం, జుట్టు కత్తిరించుకోవడం, తెలుగు మాట్లాడితే ఫైన్ కట్టడం, ఇవన్నీ మనకీ జరిగాయి. నేను ఆరో తరగతి నుంచి రెసిడెన్షియల్లోనే చదివా. వారం రోజులు ఏడ్చా. ఇప్పుడు హాయిగా ఉన్నా. ఇంగ్లిష్ మీడియం కోసం మనవాళ్లు ఎగబడతారు, అదే పని అమెరికావాళ్లు చేస్తే ఘోరం అయిపోతుంది.

పాత పుస్తకం | ఆదివారం మధ్యాహ్నం

నిప్పు గారూ, ప్రాట్ విషయంలో మీరన్న మొదటి ముక్క నిజమే. 1892లో ఆయన ఒక సభలో చేసిన ప్రసంగంలో మాట ఒకటి బాగా ప్రసిద్ధం: వాడిలోని ఇండియన్‌ని చంపు, మనిషిని బతికించు. ఆ వాక్యంలో దయ కూడా ఉందని ఆయన నమ్మాడు, నాకు అనుమానం లేదు. నాకు అభ్యంతరం దయ దగ్గరే.

మీ అమ్మానాన్నలు మిమ్మల్ని హాస్టల్లో చేర్పించారు. పండక్కి ఇంటికి తెచ్చుకున్నారు. రోజ్‌బడ్ పెద్ద స్పాటెడ్ టెయిల్ మొదట పిల్లల్ని పంపనన్నాడు. ప్రాట్ ఆయనకి చెప్పిన వాదన తెలివైనది: మీకు చదువొచ్చి ఉంటే కాగితాల మీద ఏం రాసి ఉందో తెలిసేది, బ్లాక్ హిల్స్ కొండలు మీ చేతుల్లోంచి పోయేవి కావు అని. అది నిజమే అనిపించి ఆయన తన పిల్లల్ని కూడా పంపాడు. 1880లో చూడ్డానికి వచ్చి, పిల్లలు సిపాయి దుస్తుల్లో డ్రిల్లు చెయ్యడం చూసి మండిపడి, తన పిల్లల్ని రైలెక్కించుకుని వెళ్లిపోయాడు. ఆయన పెద్ద కాబట్టి ఆయనకి చెల్లింది. మిగతా తండ్రులకి చెల్లలేదు. తర్వాత 1886 నుంచి ఫ్లోరిడాలో ఖైదులో ఉన్న అపాచీల పిల్లల్ని తెచ్చారు. వాళ్ల అమ్మానాన్నలు జైల్లో ఉన్నారు, వాళ్ల ఇష్టం ఎవరడుగుతారు? వచ్చిన పిల్లల్లో చాలామంది జబ్బుతో పోయారు.

జుట్టు సంగతి. మీకు జుట్టు కత్తిరిస్తే మంగలి దగ్గరికెళ్లినట్టే. లకోటాలకి అయినవాళ్లు పోతేనే జుట్టు కత్తిరిస్తారు. మన ఇళ్లల్లో తండ్రి పోతే కొడుక్కి గుండు చేయిస్తారు కదా. ఇంటి దగ్గర అందరూ బతికుండగా అంతమంది మగపిల్లలకి అలా చేస్తే ఎలా ఉంటుంది? ఆ రాత్రి బారకాసుల్లో పిల్లలు శోకాలు పెట్టారని రాసి ఉంది.

తుల్సా లక్ష్మి | ఆదివారం సాయంత్రం

శీను గారూ, మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. మేం ఓక్లహోమాలో ఉంటాం. మా ఆఫీసులో సగంమంది ఏదో ఒక తెగకి చెందినవాళ్లే, కాబట్టి ఇక్కడ ఈ విషయం పుస్తకాల్లో సంగతి కాదు. పక్క సీటావిడ వాళ్ల నాయనమ్మ ఇలాంటిదే ఇంకో బడిలో చదివిందిట. బడిలో సొంత భాష మాట్లాడి దెబ్బలు తిందిట, అందుకని పిల్లలకి ఆ భాష నేర్పనే లేదు. మా అమ్మాయికి తెలుగు రావట్లేదని నేను ఆవిడ దగ్గర గొణిగితే, "నీకు నేర్పడానికి భాషుంది" అంది. ఇంక నేనేం మాట్లాడతాను.

మీ వైపువాళ్లకి తెలిసిన పేరొకటి చెప్తా. ఫాల్ కలర్స్ చూడ్డానికి మనవాళ్లంతా పిల్లాపాపల్తో వెళ్లి రైలెక్కి ఫొటోలు పెట్టే ఊరు, జిమ్ థోర్ప్. ఆ పేరు ఒక మనిషిది. సాక్ అండ్ ఫాక్స్ తెగ, మా ఓక్లహోమా కుర్రాడు, 1904లో కార్లైల్‌లో చేరాడు. 1911లో ఆ బడి టీము హార్వర్డ్‌ని ఫుట్‌బాల్లో 18-15తో ఓడించింది. మరుసటేడు వెస్ట్ పాయింట్ సైనిక కాలేజీ టీముని 27-6తో. అవతలి టీములో ఐసెన్‌హోవర్ ఉన్నాడు, తర్వాత ప్రెసిడెంటైన ఆయనే. అదే 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండిట్లోనూ థోర్ప్‌కి బంగారు పతకాలు. అదే బడి నుంచి వెళ్లిన హోపీ కుర్రాడు లూయిస్ తెవానిమాకి పదివేల మీటర్ల పరుగులో వెండి. ఒకే బడి, ఒకే ఒలింపిక్స్!

అంతకుముందు సెలవుల్లో చిల్లర డబ్బులకి బేస్‌బాల్ ఆడాడని 1913లో థోర్ప్ పతకాలు లాగేసుకున్నారు. ఆయన 1953లో పోయాడు. 1980ల్లో కుటుంబానికి నకలు పతకాలిచ్చారు. రికార్డులో ఏకైక విజేతగా పేరు మళ్లీ ఎక్కింది 2022లో.

ఆయన్ని మా రాష్ట్రంలో సంప్రదాయం ప్రకారం పూడ్చాల్సింది. భార్య మధ్యలో ఒప్పందం చేసుకుని శవాన్ని పెన్సిల్వేనియాకి పంపింది. అక్కడ రెండు ఊళ్లు కలిసి, టూరిస్టులు వస్తారని ఊరికి ఆయన పేరే పెట్టుకున్నాయి. తండ్రిని ఇంటికి పంపించమని కొడుకులు కోర్టుకెక్కారు. 2015లో సుప్రీంకోర్టు కేసు తీసుకోననడంతో ఆ దారీ మూసుకుపోయింది. మీరు కాఫీ తాగి ఫొటో దిగిన ఊరు అది.

గోంగూర పచ్చడి | ఆదివారం రాత్రి

లక్ష్మిగారూ, ఆ రైలు ముందు నించుని దిగిన ఫొటో నాకిప్పటికీ ప్రొఫైల్ పిక్చర్. తీసేస్తున్నా... వద్దులే, ఉంచుతా. అడిగినవాళ్లకి ఈ కథ చెప్తా.

బాపట్ల బాబు | సోమవారం

నిప్పు గారూ, "మనకీ జరిగాయి" అన్నారు కదా. నిజంగానే జరిగాయి, కానీ మీ హాస్టల్లో కాదు. మా ఊరి పక్కనే.

స్టూవర్ట్‌పురం పేరు వినగానే తెలుగువాళ్లకి దొంగలు గుర్తొస్తారు. సినిమాలు అలా చేశాయి. ఆ పేరెవరిదో అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. హెరాల్డ్ స్టూవర్ట్ అని మద్రాసు గవర్నర్ కౌన్సిల్ సభ్యుడు. నేరస్థ జాతుల చట్టం 1871లో వచ్చింది, మొదట ఉత్తరాదిన. 1911లో సవరించి మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చారు. ఎరుకల కుటుంబాల్ని ఒక్కచోట చేర్చి సెటిల్మెంటు కట్టి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి అప్పజెప్పారు. 1913, 14 నాటి మాట. ఉప్పు, ధాన్యం గాడిదల మీదా ఎద్దుల మీదా వేసుకుని ఊరూరా తిరిగి బతికినవాళ్లు వాళ్లు. రైలొచ్చింది, వ్యాపారం పోయింది, "తిరిగేవాడు దొంగ" అని చట్టం రాశారు. సెటిల్మెంటులో హాజరు పలకాలి, పాసు లేకుండా ఊరు దాటకూడదు. పిల్లలు బడికి వెళ్లి తీరాలి. పుట్టినవాడు పుట్టుకతోనే అనుమానితుడు. పేరులో కూడా చూడండి, అక్కడ బడి పెట్టింది సైన్యంలో ఆఫీసరు, ఇక్కడ సెటిల్మెంటు నడిపింది తన పేరులో సైన్యం ఉన్న సంస్థ.

1952లో ఆ చట్టం పోయింది. ముద్ర పోలేదు. 1970ల్లో హేమలతా లవణం గారు అక్కడికెళ్లి వాళ్ల మధ్య పనిచేశారు. గుర్రం జాషువా కూతురు ఆవిడ. బస్సులో "ఏ ఊరు బాబూ" అని అడిగితే పక్క ఊరి పేరు చెప్పే క్లాస్‌మేట్ నాకుండేవాడు. అతను చెప్పిన ఊరికి అతనెప్పుడూ వెళ్లి ఉండడు.

నిజం నిప్పు | సోమవారం

బాబు గారూ, స్టూవర్ట్‌పురం గురించి నాకు ఇంత తెలీదు, ఒప్పుకుంటా. అయినా ఒకటడుగుతా. అడవిలో ఉన్న పిల్లాడికి బడి పెట్టకపోతే "వదిలేశారు" అంటారు. పెడితే "భాష చంపారు" అంటారు. మరి చెయ్యాల్సిందేంటి?

ఉట్నూరు పోరడు | సోమవారం రాత్రి

నిప్పన్నా, చెయ్యాల్సింది ఏందో చేసి చూపెట్టిండ్రు మా దిక్కు. మార్లవాయి పేరు విన్నవా? జైనూరు కాడ చిన్న గూడెం. 1940ల కుమ్రం భీమును జోడేఘాట్‌ల కాల్చి చంపినంక, అసలు గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకొమ్మని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలనే గుడిసె ఏసుకొని ఉన్నరు. 1943ల అక్కడనే గోండు పిలగాండ్లకు పంతుళ్ల ట్రైనింగ్ సెంటరు పెట్టిండ్రు. మొదాలు గోండీల పుస్తకాలు చేసిండ్రు, గోండు పోరగాండ్లనే పంతుళ్లను చేసిండ్రు, వాళ్ల గూడేలల్ల వాళ్ల తోనే బడి చెప్పిచ్చిండ్రు. పిల్లగాన్ని తల్లికాడికెళ్లి గుంజుకపోలె, బడినే గూడేనికి తెచ్చిండ్రు. కార్లైల్‌కు ఉల్టా.

అంతా బంగారమని నేనంటలే. ఆ సర్కారుకు దాని లెక్క దానికుంటది. ఆ పద్ధతి తర్వాత నిలువలే, నేను చదివిన బడిల గోండీ ఒక్క ముక్క లేదు. ఐనా ఆ ఇద్దరి సమాధులు మార్లవాయిల ఉన్నయి, ఏటా జనవరిల గూడెం జనం పూజ చేస్తరు. ఒక్కసారి వచ్చి చూడుండ్రి.

అడ్మిన్ | మంగళవారం

మతం మీదికి మళ్లిన మూడు కామెంట్లు తీసేశాను. చర్చ బాగా నడుస్తోంది, దయచేసి చెడగొట్టకండి.

మెకానిక్స్‌బర్గ్ శీను | బుధవారం రాత్రి

ఇన్ని జవాబులొస్తాయనుకోలేదు. అన్నీ నాన్నకి చదివి వినిపించా. మార్లవాయి దగ్గర ఆయన రెండోసారి చదవమన్నారు.

కార్లైల్ ఊళ్లోనే డికిన్‌సన్ కాలేజీ ఉంది. వాళ్లు ఆ బడి రికార్డులు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు, డబ్బులేం కట్టక్కర్లేదు. నాన్నకి లాప్‌టాప్‌లో తెరిచి ఇచ్చా. రెండు రోజులుగా ఆయన లోకం అదే. ముప్ఫై ఏళ్లు రిజిస్టర్లు చూసిన మనిషి కదా, మనకి కనపడనివి ఆయనకి కనిపిస్తున్నాయి.

ఒక్కో పిల్లాడికీ ఒక కార్డు ఉంది. పేరు, తెగ, తల్లిదండ్రులు బతికున్నారా లేదా, వయసు, ఎత్తు, బరువు, బడికి వచ్చిన తేదీ, ఎన్నేళ్లకి, వెళ్లిన తేదీ, వెళ్లడానికి కారణం. "మన అడ్మిషన్ రిజిస్టరే రా, కాలమ్స్ కూడా దాదాపు అవే" అన్నారు. తర్వాత రెండు గళ్ల దగ్గర ఆగిపోయారు. ఊపిరి గట్టిగా పీల్చినప్పుడు ఛాతీ కొలత ఒకటి, వదిలినప్పుడు కొలత ఇంకొకటి. "మా బడుల్లో పుట్టుమచ్చలు రాస్తాం. వీళ్లు ఊపిరి కొలిచారేంటి" అన్నారు. తర్వాత ఆయనే, "క్షయ అయ్యుంటుంది" అన్నారు.

ఇంకో చోట "కంట్రీ"కి వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ అని ఉంది. మొదట సెలవులకి ఇంటికి వెళ్లడం అనుకున్నాం. కాదు, చుట్టుపక్కల తెల్లవాళ్ల పొలాలకీ ఇళ్లకీ పనికి పంపడం. యజమాని పేరు కూడా రాసి ఉంటుంది. సెలవులకి సొంత ఇంటికి పోనివ్వకుండా పనికి పెట్టేవాళ్లు. ఆయనకి ఇది చాలా కోపం తెప్పించింది. తన పిల్లలు వేసవిలో మిరపకాయల కోతకి వెళ్లిపోతే వెతుక్కుంటూ వెళ్లి తీసుకొచ్చిన మనిషి. బడే పంపించడం ఏమిటంటారు.

వెళ్లడానికి కారణం అనే గడి గురించి చెప్పను. మీరే చూడండి.

పాత పుస్తకం | గురువారం

మాస్టారికి ఊపిరి కొలత దగ్గర సందేహం వచ్చిందంటే చూపు ఎంత పదునో. క్షయ అక్కడ పిల్లల్ని బాగా తీసుకుపోయింది. జబ్బు ముదిరిన చాలామందిని ఇంటికి పంపేసేవాళ్లు. దారిలోనో ఇంటి దగ్గరో పోయినవాళ్లు బడి లెక్కలోకి రారు. సమాధుల సంఖ్య 180 పైచిలుకే కనిపించడానికి అదొక కారణం.

ఇక ఆయన రెండో ప్రశ్న, "అన్‌నోన్" ఎలా అయ్యారని. దీనికి జవాబు మొదటి రోజునుంచే మొదలవుతుంది. లూథర్ స్టాండింగ్ బేర్ అని మొదటి బ్యాచ్ పిల్లాడు, అసలు పేరు ఓటా క్తే. పెద్దయ్యాక తన జ్ఞాపకాల్లో రాశాడు: నల్లబల్ల మీద ఏవో గీతలు గీసి ఉన్నాయి, చేతికి ఒక కర్ర ఇచ్చి ఒకటి చూపించమన్నారు, చూపించాడు, ఆ గీతలు ఆ రోజునుంచీ అతని పేరు. చదవడం రాని పిల్లాడు తన పేరు తానే ఎంచుకున్నాడట!

నార్తర్న్ అరాపహో పిల్లలు ముగ్గురి సంగతి చూడండి. 1881లో వచ్చారు. లిటిల్ చీఫ్ అనే పిల్లాడు డికెన్స్ నార్ అయ్యాడు. హార్స్ అనేవాడు హొరేస్ వాషింగ్టన్. లిటిల్ ప్లూమ్ అనే చిన్నవాడి పేరు హేస్ వాండర్‌బిల్ట్ ఫ్రైడే. తండ్రి వచ్చి ఆ పేరు చదివినా తన కొడుకుదని తెలుస్తుందా?

బడి మూసేశాక అక్కడ సైనిక ఆస్పత్రి పెట్టారు. 1927లో సమాధులున్న జాగా కావాల్సొచ్చి, అన్నిటినీ తవ్వి ఇప్పుడు మీరు చూసిన చోటికి మార్చారు. ఆ మార్చడంలో పేర్లు తప్పాయి, తెగలు తప్పాయి, కొందరికి ఏ పేరూ మిగల్లేదు. రిజిస్టర్లో పిల్లాడున్నాడు, రాళ్ల దగ్గర లేడు. మాస్టారి ప్రశ్నకి జవాబు ఇదే.

ఇది ఉత్త మాట కాదని 2017లో తేలింది. ఆ ముగ్గురినీ ఇంటికి తీసుకెళ్లడానికి అరాపహోలు వచ్చారు. తవ్వితే ఇద్దరు దొరికారు. లిటిల్ ప్లూమ్ రాయి కింద వేరే ఇద్దరి ఎముకలున్నాయి. అరాపహోలు మరుసటేడు మళ్లీ వచ్చారు. అప్పుడు దొరికాడు.

తుల్సా లక్ష్మి | గురువారం

పాత పుస్తకం గారూ, రోజ్‌బడ్ పిల్లల సంగతి కూడా చెప్పాలి. 2015లో రోజ్‌బడ్ నుంచి కుర్రకారు కొందరు ఏదో మీటింగ్‌కి వెళ్లొస్తూ కార్లైల్‌లో ఆగారు. సమాధులు చూశారు. ఇంటికెళ్లి పెద్దవాళ్లని అడిగారు, వీళ్లని మనం ఎందుకు తెచ్చుకోకూడదు అని. పెద్దవాళ్ల దగ్గర జవాబు లేదు. ఆరేళ్లు పట్టింది. 2021 జులైలో తొమ్మిదిమందిని తీసుకెళ్లారు. విమానంలో కాదు, రోడ్డు మీద, వాహనాల వరసగా. 1879లో రోజ్‌బడ్ పిల్లలు పడవెక్కిన మిస్సోరీ నది ఒడ్డు దగ్గర ఆగి, ఇంటికి తీసుకెళ్లారు. టీవీలో చూస్తూ మా ఆఫీసులో అందరం పని ఆపేశాం.

ఆ తర్వాత చాలా కదిలింది. ఇలాంటి సర్కారు బడులు దేశమంతా 417 ఉండేవని, వాటిలో కనీసం 973 మంది పిల్లలు చనిపోయారని 2024లో ఇంటీరియర్ శాఖ లెక్క తేల్చింది. ఆ లెక్క తీయించిన అప్పటి మంత్రి డెబ్ హాలండ్ ముత్తాత కార్లైల్‌లో చదివినవాడే. ఆ ఏడు అక్టోబరులో బైడెన్ క్షమాపణ చెప్పారు. డిసెంబరు 9న కార్లైల్ బడి జాగాని జాతీయ స్మారకంగా ప్రకటించారు, ఇరవై నాలుగున్నర ఎకరాలు.

గోంగూర పచ్చడి | శుక్రవారం

నేనీ శనివారం వెళ్దామనుకుంటున్నా, కార్ల సంతకి కాదు. హెచ్‌వన్ మీద ఉన్నా, గేటు దగ్గర రానిస్తారా? ఇంకా ఏం చూడాలి?

మెకానిక్స్‌బర్గ్ శీను | శుక్రవారం

గోంగూర బ్రో, పాస్‌పోర్టు పట్టుకెళ్లు, కానీ ముందు విజిటర్ సెంటరుకి ఫోన్ చేసి నీ వీసా సంగతి చెప్పి కనుక్కో. రూల్స్ మారుతుంటాయి, అక్కడిదాకా వెళ్లి వెనక్కి రావడం ఎందుకు. అది వార్ కాలేజీ నడుస్తున్న బేసు, ఫొటోలు తీసే ముందు అడుగు.

లోపల పాత బడివి కొన్ని మిగిలాయి. ఆటల మైదానం ఉంది, ఇండియన్ ఫీల్డ్ అంటారు. లక్ష్మిగారు చెప్పిన టీము ఆడింది అక్కడే. 1907లో కట్టిన ఆర్ట్ స్టూడియో ఉంది. అందులో చిత్రలేఖనం చెప్పిన ఏంజెల్ డి కోరా తనూ నేటివే. పిల్లల చేత వాళ్ల తెగల డిజైన్లే వేయించేది. ఆ బడిలో అలాంటి గది ఒక్కటైనా ఉందని తెలిసి నాన్నకి కాస్త ఊరటగా అనిపించింది. రాతితో కట్టిన మందుగుండు కొట్టు 1777 నాటిది, గోడలు మందంగా ఉంటాయి. మాట వినని పిల్లల్ని అందులో వేసి తాళం పెట్టేవాళ్లు.

బేసు లోపలికి పోనివ్వకపోతే ఊళ్లో కంబర్లాండ్ కౌంటీ హిస్టారికల్ సొసైటీకి వెళ్లు. చోట్ అనే లోకల్ ఫొటోగ్రాఫరు తీసిన పిల్లల ఫొటోలు ఉంటాయి. బడికి రాగానే ఒకటి, కొన్నేళ్లకి ఇంకొకటి. టామ్ టోర్లినో అనే నవహో కుర్రాడివి రెండూ ప్రసిద్ధం, 1882లో ఒకటి, 1885లో ఒకటి. రెండో దాంట్లో కోటు, టై, పొట్టి జుట్టు. ఒంటి రంగు కూడా తెల్లబడినట్టు ఉంటుంది. అవి చందాలకోసం అమ్మిన ఫొటోలు. మా కార్పొరేటు కాలేజీల ర్యాంకుల పోస్టర్లు గుర్తొచ్చాయి నాకు, ఏమనుకోకండి.

నిజం నిప్పు | శుక్రవారం రాత్రి

నేను వాదించడానికి రాలేదు ఈసారి. శీను గారు చెప్పారని కార్డులు చూశా. ప్లెంటీ హార్సెస్ అనే అతని గురించి కూడా చదివా. అయిదేళ్లు కార్లైల్‌లో ఉండి ఊరికెళ్లాడు. ఊళ్లో అతన్ని ఎవరూ తమవాడనుకోలేదు, బడి నేర్పిన పనికి ఊళ్లో పనిలేదు. 1891 జనవరిలో, ఊండెడ్ నీ అనే చోట సైన్యం లకోటాల్ని ఊచకోత కోసిన కొద్ది రోజులకే, ఒక ఆర్మీ లెఫ్టినెంటుని వెనకనుంచి కాల్చి చంపాడు. మావాళ్లలో నాకు చోటు కావాలని అలా చేశానని చెప్పుకున్నాడు. అప్పుడు నడిచింది యుద్ధం కాబట్టి హత్య కాదని కోర్టు వదిలేసింది.

నేను రెసిడెన్షియల్ నుంచి ఇంటికొచ్చిన మొదటి సంక్రాంతికి మా తాత నాతో మాట్లాడ్డానికి మొహమాటపడ్డాడు. అది గుర్తొచ్చింది. అంతే.

మెకానిక్స్‌బర్గ్ శీను | రెండు వారాల తర్వాత

నాన్నవాళ్లు ఇండియా చేరారు. ఇక్కడున్నన్నాళ్లూ కార్డుల్లోంచి పిల్లల పేర్లు ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. ఎడమవైపు బడి పెట్టిన పేరు, కుడివైపు ఇంట్లోవాళ్లు పెట్టిన అసలు పేరు, అదీ దొరికితే. కుడివైపు చాలావరకు ఖాళీగానే ఉంది. ఆ పుస్తకం సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లారు.

ఇవాళ పొద్దున్న ఫోన్ చేశారు. కుశలప్రశ్నలు అయ్యాక, "ఒరే, ఆ పేర్లు లేని రాళ్లు ఎన్నో నేను రాసుకోలేదురా. లెక్క తేలట్లేదు. ఈసారి అటు వెళ్తే చూసి చెప్పు" అన్నారు. నాకు ఈ వారం ప్రొడక్షన్ రిలీజు ఉంది, కదల్లేను.

గోంగూర పచ్చడి | అదే రోజు

నాకు పాసు వచ్చింది శీనూ. ఎల్లుండి వెళ్తున్నా. లెక్కపెట్టి ఇక్కడే పెడతా, మాస్టారికి చెప్పు.